నీళ్ళ లెక్కలో మూడో వరుస

మొన్న ఆదివారం మా ఇంటికి ఒక మిత్రుడు వచ్చాడు. పేరెందుకు లెండి. మేం డాలస్ వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంటు చూసిపెట్టిందీ, మా అమ్మాయి పుట్టినప్పుడు వారం రోజులు క్యారియర్ పంపిందీ వాళ్ళే. నాకు సొంత అన్న లెక్క. ఈసారి చేతిలో క్యారియర్ లేదు, నీళ్ళని అయొనైజ్ చేసే యంత్రం ఉంది.

మా వంటింటి కుళాయికి తగిలించి, గ్లాసుడు నీళ్ళు పట్టి, రంగు చుక్కలు వేశాడు. ఊదారంగుకి తిరిగాయి. మేం తాగే సీసా నీళ్ళలో వేస్తే పసుపుపచ్చగా వచ్చాయి. తర్వాత కాగితం తీశాడు.

"సీసాలకి ఎంత పోస్తున్నావో ఎప్పుడైనా లెక్కేశావా తమ్ముడూ?"

వేయలేదు. ఆయనే వేశాడు. నలుగురం, మనిషికి రెండు లీటర్లు, రోజుకి అరలీటరు సీసాలు 16. నలభై సీసాల కట్ట 5 డాలర్లు, రెండున్నర రోజులొస్తుంది. ఏడాదికి 730, పదేళ్ళకి 7,300 డాలర్లు. యంత్రం 4,500. ఫిల్టర్లకి ఏడాదికి 150. పదేళ్ళకి మొత్తం 6,000.

"పదమూడు వందలు మిగులు!"

కూడికలో తప్పు లేదు. అదే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

లేచి కాగితం మళ్ళీ చూశాను. ఏడాదికి మిగిలేది 580. ఆ లెక్కన 4,500 తిరిగి రావడానికి దాదాపు ఎనిమిదేళ్ళు. వారంటీ అయిదేళ్ళే. క్రెడిట్ కార్డు మీద కొంటే వడ్డీ అదనం.

అసలు సంగతి ఇంకోటి. ఆ కాగితం మీద రెండే వరుసలున్నాయి. కుళాయి నీళ్ళ వరుస లేదు. కార్బన్ ఫిల్టరున్న కూజా 35 డాలర్లు. మా వాడకానికి ఏడాదికి ఆరు ఫిల్టర్లు, వంద డాలర్లు. పదేళ్ళకి 1,035. తాగే నీళ్ళకయ్యే బిల్లు ఏడాదికి పది డాలర్లు కూడా ఉండదు.

మరి ఇన్నేళ్ళూ సీసాలెందుకు మోశాను? మాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళకి వంగిపోయిన నడుముల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. కుళాయంటే భయం. ఆ భయం అక్కడ న్యాయమే. ఇక్కడికి దాన్ని సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. ఇక్కడ 1974 నుంచీ తాగునీటికి ఫెడరల్ చట్టం ఉంది. నీళ్ళలో ఏమేం ఉన్నాయో సిటీవాళ్ళు ఏటా నివేదిక ఇస్తారు. నేనెప్పుడూ తెరవలేదు. అలాగని కళ్ళు మూసుకోమని కాదు, 2014లో ఫ్లింట్‌లో ఏం జరిగిందో తెలుసుగా. పాత ఇల్లయితే సీసం ఉందేమో పరీక్ష చేయించి, సీసాన్ని తీసేదని సర్టిఫికెట్ ఉన్న ఫిల్టరు పెట్టుకోవాలి. ఫ్లోరైడ్‌ ఎక్కువుంటే ఆర్వో కావాలి, క్షార నీళ్ళు కాదు.

ఆ ఊదారంగు మాయేమీ కాదు. ప్లాటినం పూత పూసిన పలకల మధ్య కరెంటు పంపితే నీళ్ళు ఒకవైపు క్షారంగా, మరోవైపు ఆమ్లంగా విడిపోతాయి. ఆమ్లపు పాయ చాలావరకు సింకులోకే. తాగిన క్షారం కడుపులోని ఆమ్లంలో కలిసిపోతుంది. రక్తం పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య నిలబెట్టేది ఊపిరితిత్తులూ, మూత్రపిండాలూ. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇలాంటివి ముట్టుకోకూడదు.

మర్నాడు ఫోన్ చేసి, "అన్నా, వద్దులే" అన్నాను. మూడో వరుస చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాది కార్డు మీద కొన్నాను. ఇద్దరు ముగ్గురు తీసుకుంటే తీరిపోతుందన్నారు" అన్నాడు.

నాకప్పుడు అర్థమైంది, ఆదివారం ఆయన అమ్మడానికొచ్చింది నీళ్ళు కాదు, తన అప్పు.

వచ్చే శనివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్తున్నాం. ఆ యంత్రంలోంచే గ్లాసుడు నీళ్ళిస్తాడు. తాగుతాను. మంచినీళ్ళే కదా. భోజనాలయ్యాక, ఒప్పుకుంటే, ఇద్దరం కూర్చుని ఆ కార్డు లెక్క చూస్తాం.