గొట్టం వేస్తే పోతారా, వేయకపోతేనా?

బందరు, గుడివాడ, అవనిగడ్డ... ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా ఒకటే మాట: "గొట్టం వేశారంటే ఇక ఆశ వదులుకోవడమే." ఊపిరి అందనివాళ్లకు శ్వాసనాళంలోకి వేసి వెంటిలేటర్‌కు తగిలించే గొట్టం గురించి ఈ మాట. దీన్ని నమ్మి సంతకం పెట్టకుండా మనిషిని ఇంటికి మోసుకుపోయేవాళ్లున్నారు. కోవిడ్ రోజుల్లో వెంటిలేటర్ ఎక్కినవాళ్లు చాలామంది తిరిగిరాకపోవడంతో ఇది వేదవాక్కై కూర్చుంది. వాళ్ల ప్రాణం తీసింది పాడైన ఊపిరితిత్తులు. కరకట్టకు గండి పడ్డాక ఇసుక బస్తాలేస్తే, ఊరు మునిగింది బస్తాల వల్లేనన్నట్టుంది ఈ లెక్క.

దివిసీమలో ఈ అపోహ మరీ ప్రమాదం. 2018 ఆగస్టులో ఇక్కడ వందకు పైగా పాముకాటు కేసులొస్తే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం చేశారు. దాని ఫలం ఆ స్వామికే ఎరుక. కట్లపాము మాత్రం రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు. రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, గుటక పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అప్పటికే చచ్చుబడ్డవాటిని పాము విషానికి విరుగుడు సూదిమందు వెంటనే లేపలేదు. నరాలు కోలుకునేదాకా, కొన్ని రోజులపాటు, గొట్టం ద్వారా గాలి అందించాల్సిందే. వేళకు అందితే లేచి నడిచి ఇంటికెళ్లేవాళ్లే ఎక్కువ. అలా చచ్చుబడి ఉన్న మనిషి రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు గానీ మన మాటలు వింటూ ఉండొచ్చు. మంచం పక్కనే నిలబడి "అయిపోయింది, తీసుకుపోదాం" అంటాం!

"చచ్చినవాళ్లకు పెట్టి బిల్లు లాగుతారు" అంటారు. వెంటిలేటర్ గాలి కొడుతుందే గానీ ఆగిన గుండెను ఆడించలేదు. "గొంతు పోతుంది" అంటారు. చాలామందికి ఆ బొంగురు కొద్దిరోజులే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. గొట్టం వేసే ఆ కొద్ది నిమిషాలు గండమే. 29 దేశాల్లో 2,964 మందిని గమనించి 2021లో ప్రచురించిన ఇన్‌ట్యూబ్ అధ్యయనంలో దాదాపు 43 శాతం మందికి రక్తప్రసరణ దెబ్బతింది, 9 శాతానికి ఆక్సిజన్ బాగా పడిపోయింది, 3 శాతానికి గుండె ఆగింది. బీపీ, ఆక్సిజన్ ముందే పడిపోయినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మనం వరండాలో తర్జనభర్జన పడే గంట అక్కడే లెక్కకొస్తుంది.

అందుకని "వద్దు" అనకండి, అడగండి: వేసేది అనుభవమున్న డాక్టరేనా? బీపీ మందు సిద్ధంగా ఉందా? గొట్టం శ్వాసనాళంలోనే పడిందని చూపే కాప్నోగ్రాఫ్ ఉందా? ఆ అధ్యయనంలో దాన్ని వాడింది నాలుగో వంతు మందికే.

నాగాయలంకైనా కోడూరైనా, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవాడికి రెప్పలు వాలుతుంటే, కాటు గుర్తు కనబడకపోయినా పాముకాటేమోనని అనుమానించండి. మంత్రగాడి గడప తొక్కకుండా 108కి ఫోన్ చేయండి.