తలకు రెండు పరీక్షలెందుకు?

మా అబ్బాయి మూర్ఛ మందులకు లొంగలేదు. ఆపరేషన్‌కు ముందు ఈఈజీతో పాటు ఎంఈజీ కూడా తీయించమన్నారు డాక్టరుగారు. ఒకటి చాలదా అనుకున్నాను. నేను కంప్యూటర్లవాణ్ణి, చదివి తెలుసుకున్నది చెబుతాను.

మెదడు కణాల్లో పుట్టే కరెంటు తాలూకు వోల్టేజిని తలమీద అతికించిన ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. అదే ఈఈజీ. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషికి తొలిసారి తీశారు. ఖర్చు తక్కువే, కాని పుర్రె ఎముక వల్ల సంకేతం చెదిరి, పుట్టినచోటు మసకబారుతుంది.

అదే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రమూ ఉంటుంది. పుర్రె దాన్ని దాదాపు చెదరగొట్టదు. 1968లో అమెరికాలో డేవిడ్ కోహెన్ కొలిచింది దాన్నే, అదే ఎంఈజీ. భూమి క్షేత్రం కంటే కోట్లరెట్లు బలహీనం కనుక ప్రత్యేకమైన గది కావాలి, ఖర్చెక్కువ. పైగా పుర్రెకు నిటారుగా పారే కరెంటు దీనికి సరిగా అందదు, ఈఈజీకి అందుతుంది.

కోసేచోటు తప్పకూడదు కదండీ. రెండూ తీయించాం.