కోయ డోలి మోత గ్రహాంతరవాసులకు వినిపిస్తుందా?

భద్రాచలం అడవుల్లో కోయ కళాకారులు డోలి అనే వాద్యాన్ని కొడితే దాని చర్మం కంపిస్తుంది. ఆ కంపనం పక్కనున్న గాలిని నెడుతుంది, ఆ గాలి తన పక్క గాలిని నెడుతుంది. ఇలా ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో చెవిని చేరుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంత కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ పాడిన సమ్మక్క–సారలమ్మల గాథ జనానికి అందింది ఈ దారిలోనే. అంతరిక్షం మాత్రం దాదాపు శూన్యం. నెట్టడానికి గాలి లేదు కనుక ఎంత పెద్ద మోతైనా వాతావరణం దాటి పోదు.

మరి సంగీతాన్ని అక్కడికి పంపడం ఎలా? 1977లో నాసా ప్రయోగించిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉంది. ధ్వని అందులో సన్నని గాడిగా మారింది. గాడి వంపులే కంపనాల ఆకారం. సూది వాటి వెంట నడిస్తే కంపనం మళ్లీ పుడుతుంది. సుమారు 90 నిమిషాల సంగీతంలో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది, 55 భాషల పలకరింపుల్లో తెలుగూ ఉంది. కోయ డోలి లేకపోవడం లోటే. వాయించే పద్ధతిని రికార్డు మూతపై బొమ్మలుగా చెక్కి, సూదినీ జతచేశారు. అయితే విని ఆనందించాలంటే గ్రహాంతరవాసుల చుట్టూ గాలో, నీరో, ధ్వనిని మోసేది ఏదో ఒకటి ఉండాలి. కంపనాన్ని పసిగట్టే అవయవమూ ఉండాలి.