క్రాంక్ షాఫ్ట్‌లో చిన్న మర ప్లగ్గులు: ఇంజిన్ రెండుసార్లు ఎందుకు విప్పాల్సి వచ్చిందంటే

ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, ఆవు లేదు. నల్లటి నూనె చేతులే కనిపిస్తాయి. ఎందుకయ్యా అంటే, రసాయనాలు మానేసినా ట్రాక్టరు మానలేదు కదా మనం. జనుము, జీలుగ పూతకొచ్చిన వారంలో కలియదున్నాలి. ఆ వారంలో ఇంజిన్ ఆగిపోతే కాండం ముదిరి నార కట్టేస్తుంది, తొందరగా కుళ్ళదు. నాకు సరిగ్గా అదే జరిగింది.

మాది మూడు సిలిండర్ల పాత ట్రాక్టరు. కిందటి ఏడాది బేరింగులు పోతే క్రాంక్ షాఫ్ట్‌ని 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి, కొత్త షెల్స్ వేయించాను. వంద గంటలు కూడా తిరగలేదు, ఆయిల్ ప్రెజర్ ముల్లు పడిపోవడం మొదలైంది. తర్వాత కింద నుంచి టక టక మోత. సంప్ విప్పి చూస్తే కొత్త షెల్స్ మీద గోళ్ళతో గీరినట్టు గీతలు. ఆయిల్ మంచిదే, ఫిల్టర్ కొత్తదే. మరి ఈ మట్టి ఎక్కడిది?

క్రాంక్ లోపలే ఉంది. మెయిన్ జర్నల్‌లోకి వచ్చిన నూనె కనెక్టింగ్ రాడ్ బేరింగుకి చేరాలంటే షాఫ్ట్ లోపల ఏటవాలుగా తొలిచిన దారి ఉంటుంది. ఆ దారి తొలిచేటప్పుడు బయటికి తెరుచుకున్న చివరని చిన్న మర ప్లగ్గుతో మూస్తారు. అన్ని ఇంజిన్లలో ఇలా ఉండదు. కొన్నిట్లో కొట్టి బిగించే మూత ఉంటుంది, కొన్నిట్లో ఏమీ ఉండదు. ప్లగ్గు ఉన్నచోట మాత్రం షాఫ్ట్ తిరిగే విసురుకి నూనెలోని మురికి బయటివైపుకి కొట్టుకుపోయి ఆ మూలనే పేరుకుంటుంది. గ్రైండింగ్ చేసినప్పుడు రాలిన సన్నపొడి కూడా అక్కడికే చేరుతుంది. ప్లగ్గు తీయకుండా పైనుంచి గాలి కొడితే అది కదలదు. ఇంజిన్ వేడెక్కాక కొద్దికొద్దిగా కరిగి కొత్త బేరింగు మీదికే వస్తుంది. మొదటిసారి పని చేసినవాళ్ళు ప్లగ్గులు ముట్టుకోలేదు. నేనూ అడగలేదు, నాకు తెలిస్తే కదా!

ఈసారి ప్లగ్గులు తీయాలి. అవి ఊడకుండా అంచు మీద సెంటర్ పంచ్‌తో కొట్టి ఉంటాయి. ఆ గుర్తుని సన్న డ్రిల్లుతో తీసేసి, చుట్టూ కాస్త వేడి చేసి, కొవ్వొత్తి మైనం ఆనిస్తే మరల్లోకి పాకుతుంది. రెండు అలా వచ్చాయి. మూడోదానికి గాడి చెడిపోతే నట్టు వెల్డింగ్ చేసి తిప్పారు. లోపల నుంచి కాటుక ముద్దలాగా మడ్డి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే గరగరమంది (వీడియోలో దగ్గరగా చూపించాను). ప్లగ్గులు మాత్రం మూడూ పనికిరాకుండా పోయాయి.

అసలు తిప్పలు ఇక్కడ మొదలు. విడిభాగాల దుకాణంలో అడిగితే, "అది విడిగా రాదండీ, క్రాంక్‌తో కలిపే వస్తుంది" అన్నారు. 3 చిన్న ముక్కల కోసం మొత్తం క్రాంక్ కొనాలన్నమాట. విజయవాడ ఆటోనగర్‌లో ఒక బోల్టుల దుకాణంలో చూసి, "ఇది ఎం10 అన్నా, 1 పిచ్" అని చేతిలో పెట్టారు. తీసుకొచ్చి తిప్పితే రెండు చుట్లు వెళ్ళి పట్టేసింది. మా మెకానిక్ పొడుగు పానా తీశాడు. ఆ చేతిని పట్టుకుని ఆపాను, అదొక్కటే నేను చేసిన తెలివైన పని.

లేత్ మేస్త్రి గారి దగ్గరికి వెళితే ఆయన ముందు వెర్నియర్ పెట్టారు. పాత ప్లగ్గు బయటి కొలత 9.7 మిల్లీమీటర్లు. ఎం10 అయితే 10కి దగ్గరగా ఉండాలి. తర్వాత పిచ్ గేజ్ పళ్ళు ఆనించి వెలుతురుకి చూశారు. అంగుళానికి 28 చుట్లు. "బాబూ, ఇది మిల్లీమీటర్ మర కాదు, 1/8 బీఎస్‌పీ" అన్నారు. ఇంగ్లండ్ డిజైన్ల నుంచి వచ్చిన పాత ఇంజిన్లలో ఇలాంటి అంగుళాల మరలు తగులుతూనే ఉంటాయట. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ బీఎస్‌పీ పిచ్ 0.907 మిల్లీమీటర్లు, ఎం10ది 1. మర కోణం కూడా వేరు, దీనిది 55 డిగ్రీలు, దానిది 60. బలవంతంగా బిగిస్తే క్రాంక్ మరే పోయేది.

గేజ్ లేకపోతే, కొలత తెలిసిన బోల్టుని పాత ప్లగ్గు పక్కన పెట్టి పళ్ళలో పళ్ళు కూర్చోబెట్టండి. మధ్యలో ఎక్కడా వెలుతురు కనిపించకూడదు.

1/8 బీఎస్‌పీ హైడ్రాలిక్ పైపుల దుకాణంలో దొరికింది, కానీ అది కోసుగా ఉన్న రకం. ఒక చివర సన్నం, ఒక చివర లావు. మనది నిటారు మర. కోసు ప్లగ్గు మేకులా దిగి, నాలుగు చుట్ల మీదే పట్టుకుంటుంది, రంధ్రాన్ని లోపలినుంచి చీల్చేటట్టు నొక్కుతుంది. ఎడతెరిపి లేకుండా వంపు ఒత్తిడి పడే క్రాంక్‌కి అది మంచిది కాదు. ఇత్తడి ప్లగ్గు కూడా వద్దన్నారు మేస్త్రి గారు. చివరికి తలమీద 8.8 అని గుర్తున్న పాత బోల్టు నుంచి మూడు ప్లగ్గులు ఆయనే తీసిచ్చారు. పాతవాటి పొడుగే పెట్టారు. ఎక్కువైతే లోపల నూనె దారికి అడ్డం పడుతుంది, బయటికి పొడుచుకొస్తే తిరిగేటప్పుడు పక్కన తగులుతుంది. నేను వాటిని బంగారు కొట్లో తూయించాను. కొట్టాయన నన్ను చూసిన చూపు మర్చిపోలేను! మూడింటికీ తేడా పెద్దగా లేదు.

బిగించే ముందు దారులన్నీ డీజిల్ పోసి, పొడుగు బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, మళ్ళీ తోమాం. తెల్లగుడ్డ మురికి పట్టనంతవరకు. మరలకి నూనె లేకుండా థిన్నర్‌తో తుడిచి, గట్టి రకం మర జిగురు రెండు చుక్కలు వేసి బిగించి, అంచు మీద రెండుచోట్ల పంచ్ కొట్టారు. తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. దాని ముక్కలు ఊడి నూనె రంధ్రంలో ఇరుక్కుంటాయి. జిగురు పూర్తిగా ఆరాక నూనె డబ్బాతో ఒక రంధ్రంలోకి నూనె కొట్టి, మిగతావి వేలితో మూసి, ప్లగ్గు దగ్గర చెమ్మ వస్తుందేమో చూసుకోండి. నడుస్తుండగా ప్లగ్గు ఊడితే ప్రెజర్ మొత్తం అక్కడే పోతుంది, బేరింగులు నిమిషాల్లో కాలిపోతాయి.

కడిగిన డీజిల్ పెద్ద డబ్బాలో పట్టి, పాత నూనె కొనేవాళ్ళకి ఇచ్చాం. షెడ్డు వెనక పారబోద్దామన్నాడు మా మెకానిక్. వానపాముల కోసం ఇంత కష్టపడి, అది మాత్రం ఎలా చేస్తాం?

క్రాంక్ ఇప్పుడు 0.50 సైజులో ఉంది. 25 గంటలకి ఒకసారి నూనె మార్చి, ఫిల్టర్ కోసి చూశాను, లోహపు పొడి కనపడలేదు. ముల్లు నిలకడగా ఉంది. జనుము మాత్రం 12 రోజులు ఆలస్యంగా దున్నాను. కాండం ముదిరింది. ఘనజీవామృతం చల్లి నీరు పెట్టాను, ఎంతవరకు కుళ్ళిందో వచ్చే వీడియోలో తవ్వి చూపిస్తాను.