పదిహేనేళ్లకే దారి మూసుకుంటే...

పదో తరగతి తర్వాత సైన్సా, కామర్సా, ఆర్ట్సా అనే గోడలు కూల్చేస్తామని జాతీయ విద్యా విధానం చెప్పింది. సూరత్ శివార్లలోని సచిన్ లాంటి కార్మిక పట్టణంలో ఆ గోడ ఎంత ఎత్తుందో, కూల్చడం ఎందుకంత కష్టమో తెలుస్తుంది.

సచిన్ అనగానే ఎవరికైనా క్రికెట్ బ్యాటే గుర్తొస్తుంది. గుజరాత్‌లో మాత్రం ఆ పేరుకు ఇంకో అర్థం ఉంది. సూరత్‌కు దక్షిణాన, ముంబై రైలు మార్గం పక్కన ఒకప్పటి నవాబుల సంస్థానం సచిన్. ఇప్పుడది జీఐడీసీ పారిశ్రామికవాడ. వాటర్‌జెట్ మగ్గాలు, డైయింగ్ మిల్లులు, రసాయన కర్మాగారాలు, పక్కనే వజ్రాలు సానబట్టే ప్రత్యేక ఆర్థిక మండలి. 2020లో సూరత్ నగరపాలక సంస్థ సరిహద్దులు పెంచినప్పుడు సచిన్ కూడా నగరంలో కలిసిపోయింది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ నేత కార్మికుల కుటుంబాలు కూడా సూరత్ జౌళి మీదే బతుకుతున్నాయి.

ఇక్కడ ఏటా మే నెలలో పదో తరగతి ఫలితాలు వస్తాయి. జూన్‌లో బడులు తెరుస్తారు. మధ్యలో మిగిలే ఆ కొద్ది వారాల్లోనే పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు తన జీవితంలో అతి పెద్ద నిర్ణయం తీసుకోవాలి. నిజానికి తీసుకునేది అతను కాదు. మార్కులు, ఫీజు, ఇంటికి దగ్గర్లో ఉన్న బడి, పక్కింటివాళ్ల సలహా - ఈ నాలుగూ కలిసి నిర్ణయిస్తాయి.

రెండు ప్రవాహాలు

గుజరాత్ బోర్డు భాషలో పదో తరగతి తర్వాత దారులను ‘ప్రవాహాలు’ అంటారు. ఒకటి విజ్ఞాన ప్రవాహం, రెండోది సామాన్య ప్రవాహం. విజ్ఞాన ప్రవాహంలో మళ్లీ గ్రూపులున్నాయి. ‘ఎ’ అంటే లెక్కలు, ‘బి’ అంటే జీవశాస్త్రం, రెండూ కావాలనుకునేవారికి ‘ఎబి’. మన ఎంపీసీ, బైపీసీలకు అవి అన్నదమ్ముల్లాంటివి. సామాన్య ప్రవాహంలో కామర్స్ తీసుకున్నవారికి అకౌంట్స్, స్టాటిస్టిక్స్, ఆర్థికశాస్త్రం, వాణిజ్య నిర్వహణ ఉంటాయి. ఆర్ట్స్ వారికి చరిత్ర, మనస్తత్వశాస్త్రం, సామాజికశాస్త్రం, తత్వశాస్త్రం వంటివి.

పేరుకు ‘సామాన్యం’ అన్నా, సంఖ్యలో అదే అసలు నది. 2024లో గుజరాత్ 12వ తరగతి పరీక్షలకు సామాన్య ప్రవాహం నుంచి సుమారు 3.8 లక్షల మంది హాజరైతే, విజ్ఞాన ప్రవాహం నుంచి సుమారు 1.1 లక్షల మందే హాజరయ్యారు. ఆ ఏడాది ఉత్తీర్ణత సామాన్యంలో 91.93 శాతం, విజ్ఞానంలో 82.45 శాతం. వ్యాపారం రక్తంలో ఉందనుకునే రాష్ట్రంలో కామర్స్‌కు గౌరవం తక్కువేమీ కాదు. తెలుగునాట ఎంపీసీ సీటు రాని పిల్లవాడిని ఓదార్చినట్టు ఇక్కడ కామర్స్ విద్యార్థిని ఎవరూ ఓదార్చరు. కానీ ఒక ప్రవాహంలోంచి ఇంకో ప్రవాహంలోకి ఈదడం మాత్రం దాదాపు అసాధ్యం.

సమస్య అక్కడే ఉంది. సచిన్‌లో ఒక డైయింగ్ మిల్లును చూడండి. అందులో రంగు ఎక్కించేవాడికి రసాయనశాస్త్రం తెలియాలి. అదే మిల్లును నడిపేవాడికి రసాయనశాస్త్రంతో పాటు జీఎస్టీ లెక్కలూ తెలియాలి. కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్ గీసేవారికి బొమ్మ వేయడం, జ్యామితి రెండూ రావాలి. బడిలో మాత్రం రసాయనశాస్త్రం ఒక గదిలో, అకౌంట్స్ ఇంకో గదిలో ఉంటాయి. రెండింటి మధ్య తలుపు లేదు. ఊరు రోజూ కలిపి చేసే పనిని బడి విడదీసి చెబుతోంది.

తెలుగు ఇంటికి రెండు చిక్కులు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగువారి జనాభా చెప్పుకోదగ్గది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల పని కోసం వచ్చిన పద్మశాలీ కుటుంబాలవి. నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. పరాయి రాష్ట్రంలో ఒక మునిసిపాలిటీ ఏడు భాషల్లో చదువు చెప్పడం దేశంలో అరుదైన విషయం.

అయితే ఆ బడులు ఎనిమిదో తరగతితో ఆగిపోతాయి. తర్వాత మాధ్యమం మారాలి. హైస్కూల్లో రెండేళ్లు కొత్త భాషలో కుదురుకునేలోపే పదో తరగతి పరీక్ష వస్తుంది. అప్పుడు వచ్చే మార్కులు పిల్లవాడికి లెక్కలు ఎంత వచ్చో చెబుతున్నాయా, భాష ఎంత వచ్చో చెబుతున్నాయా అన్నది ఎవరూ తేల్చరు. మార్కుల జాబితా మాత్రం ప్రవాహాన్ని తేల్చేస్తుంది. 2022 నుంచి గుజరాత్ బోర్డు పదో తరగతి గణితంలో ‘స్టాండర్డ్’, ‘బేసిక్’ అనే రెండు రకాల పరీక్షలు పెట్టింది. లెక్కల భయం తగ్గించాలన్నదే ఉద్దేశం. కానీ దీనివల్ల ఎంపిక ఒక ఏడాది ముందుకు జరిగింది. ‘నాకు లెక్కలు రావు’ అన్న మాట పద్నాలుగేళ్లకే కాగితం మీదికెక్కుతోంది.

రెండో చిక్కు సొంతూరితో. అమ్మానాన్నలకు ఊళ్లో ఇల్లుంది, ఓటుంది, పిల్లవాడు డాక్టరయితే అక్కడే కావాలన్న ఆశ ఉంది. తెలంగాణలో స్థానికత తేలేది ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. వైద్యవిద్యలో రాష్ట్ర కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2024లో ప్రభుత్వం గట్టిగా అమలు చేసింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బతుకుతెరువు కోసం వెళ్లిన నేత కార్మికుడి బిడ్డ సూరత్‌లో 11, 12 చదివితే అమ్మమ్మగారి ఊళ్లో స్థానికేతరురాలవుతుంది. తొమ్మిదో తరగతిలోనే పిల్లలను ఊరికి పంపాలా, దగ్గరుంచుకోవాలా అన్నది ఇక్కడి తెలుగు ఇళ్లలో సబ్జెక్టు ఎంపిక కంటే ముందొచ్చే ప్రశ్న.

కొఠారి నుంచి కస్తూరిరంగన్ దాకా

ఈ గోడలు ఒక్కరోజులో లేచినవి కావు. 1964-66 నాటి కొఠారి కమిషన్ దేశమంతటికీ ఒకే నిర్మాణం ఉండాలని చెప్పింది. దాంతో పదేళ్ల బడి, రెండేళ్ల ప్లస్‌టూ, మూడేళ్ల డిగ్రీ అనే నమూనా స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. ప్లస్‌టూ అంటే కాలేజీకి నిచ్చెన మాత్రమే కాదు, చేతికి పని నేర్పే దశ కూడా అన్నది అసలు ఆలోచన. 1986 జాతీయ విద్యా విధానం 1995 నాటికి ప్లస్‌టూ విద్యార్థుల్లో 25 శాతం మందిని వృత్తివిద్యలోకి మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. అది దరిదాపుల్లోకి కూడా రాలేదు. ప్లస్‌టూ చివరికి ప్రవేశ పరీక్షల శిక్షణ శిబిరమైంది.

2020 జాతీయ విద్యా విధానం అందుకే వేరే దారి పట్టింది. సైన్స్, ఆర్ట్స్, వృత్తివిద్యల మధ్య గట్టి విభజన ఉండకూడదని అది ప్రకటించింది. ఆ విధాన ముసాయిదాను రూపొందించిన అంతరిక్ష శాస్త్రవేత్త కె.కస్తూరిరంగన్ సారథ్యంలోనే 2023 ఆగస్టులో పాఠశాల విద్యకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వెలువడింది. దాని ప్రకారం 11, 12 తరగతుల్లో ప్రతి విద్యార్థీ రెండు భాషలు చదవాలి. వాటిలో కనీసం ఒకటి భారతీయ భాష కావాలి. మిగతా నాలుగు సబ్జెక్టులను కనీసం రెండు వేర్వేరు వర్గాల నుంచి ఎంచుకోవాలి. కావాలనుకుంటే ఐదోదీ తీసుకోవచ్చు. అంటే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే అమ్మాయి అకౌంట్స్, సంగీతం కూడా చదవొచ్చు. అలా కలిపి చదవడం తప్పు కాకపోవడమే కాదు, అవసరం కూడా అని ఆ చట్రం అంటోంది.

ఇంటర్ బోర్డు మార్పు

తెలుగు రాష్ట్రాల్లో ఈ దారిలో ముందు అడుగేసింది ఆంధ్రప్రదేశ్. 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలు వచ్చాయి. దశాబ్దాలుగా గణితం ఎ, బి అని రెండుగా ఉన్న పేపర్లు ఒకటయ్యాయి. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ఎంపీసీ విద్యార్థి అదనంగా బయాలజీ తీసుకుని ‘ఎంబైపీసీ’ చదివే వీలు కలిగింది. డాక్టరా, ఇంజినీరా అన్న నిర్ణయాన్ని రెండేళ్లు వాయిదా వేసుకునే హక్కు అది. తలమీద బరువు పెరుగుతుందన్నది నిజమే. కానీ పదిహేనేళ్లకు తీసుకున్న నిర్ణయం తప్పయితే ముప్పై ఏళ్లు మోయాల్సిన బరువు దానికంటే ఎక్కువ.

దీనికో చిక్కుముడి కూడా తోడైంది. ఇంగ్లిష్ తప్పనిసరి చేసి, రెండో భాష స్థానంలో 24 సబ్జెక్టుల్లో ఏదైనా ఎంచుకోవచ్చన్నారు. దీంతో తెలుగు పూర్తిగా పోతుందేమోనన్న ఆందోళన వ్యక్తమైంది. మార్కుల కోసం తెలుగును వదిలి సంస్కృతం తీసుకునే అలవాటు మన కాలేజీల్లో పాతదే. కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఎంపిక స్వేచ్ఛ ఇచ్చినప్పుడు పిల్లలు ఇష్టమైనదాన్ని కాకుండా మార్కులొచ్చేదాన్ని ఎంచుకుంటే సంస్కరణ ఎవరికోసమన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

గేటు దగ్గర కాపలా

బడి ఎన్ని తలుపులు తెరిచినా, కాలేజీ గేటు దగ్గర కాపలావాడు పాత టికెట్టే అడిగితే ప్రయోజనం లేదు. గత కొన్నేళ్లలో ఆ కాపలా కాస్త సడలింది. 2021లో ఏఐసీటీఈ టెక్స్‌టైల్, వ్యవసాయ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ వంటి కోర్సులకు ప్లస్‌టూలో లెక్కలు, ఫిజిక్స్ తప్పనిసరి కాకపోయినా ఫర్వాలేదన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. రాష్ట్రాలు తమ ఇష్టమని ఆ సంస్థ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ మరో తలుపు తెరిచింది. ప్లస్‌టూలో బయాలజీ లేనివారు తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో 2025 నుంచి ప్లస్‌టూలో ఏం చదివారన్నదానితో సంబంధం లేకుండా నచ్చిన సబ్జెక్టు రాసే వీలు వచ్చింది.

గుజరాత్ అనుభవం మాత్రం తొందరపడొద్దనే చెబుతుంది. 2011లో విజ్ఞాన ప్రవాహంలో సెమిస్టర్ పద్ధతి పెట్టారు, 2016లో దాన్ని ఎత్తేయడం మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ ప్రవేశాలకు 2013లో జేఈఈ మెయిన్‌ను తెచ్చుకున్నారు, 2017లో మళ్లీ సొంత గుజ్‌సెట్‌కు వెళ్లారు. మార్పు వచ్చిన ప్రతిసారీ ఆ రెండు, మూడు బ్యాచ్‌ల పిల్లలే ప్రయోగశాల అయ్యారు.

టైం టేబులే తీర్పు

అసలు అడ్డంకి నియమాల్లో కాదు, టైం టేబుల్‌లో ఉంది. రసాయనశాస్త్రం, అకౌంట్స్ కలిపి చదవాలంటే ఆ రెండు క్లాసులు ఒకే సమయంలో ఉండకూడదు. రెండింటికీ టీచర్లుండాలి. పెద్ద బడిలో అది లెక్కల చిక్కు. చిన్న బడిలో అది అసాధ్యం. ఒకే ప్రవాహం నడిపే బడిలో ఎంపిక అనే మాటకే అర్థం లేదు. పిల్లవాడు సబ్జెక్టును ఎంచుకోడు, బడిలో ఉన్న సబ్జెక్టే పిల్లవాడిని ఎంచుకుంటుంది.

దేశం మొత్తం మీదా ఇదే పరిస్థితి. 2023లో 14-18 ఏళ్ల గ్రామీణ యువత మీద జరిగిన ‘అసర్’ సర్వేలో, 11వ తరగతి, ఆ పైన చదివేవారిలో 55.7 శాతం మంది ఆర్ట్స్‌లో ఉన్నారు. సైన్స్, గణిత కోర్సుల్లో 31.7 శాతం, కామర్స్‌లో 9.4 శాతం. సైన్స్ వైపు అబ్బాయిలు 36.3 శాతం ఉంటే, అమ్మాయిలు 28.1 శాతమే. వీరంతా ఇష్టపడి ఆర్ట్స్ తీసుకున్నారని ఎవరూ అనుకోరు. ల్యాబ్ అక్కర్లేని చదువే ఊళ్లో ఉంది కనుక అదే చదువుతున్నారు.

చేయదగ్గ పనులు లేకపోలేదు. దగ్గర్లోని మూడు, నాలుగు బడులు ఒక్కో సబ్జెక్టును పంచుకోవచ్చు. పాఠశాల సముదాయాల ఆలోచన 2020 విధానంలోనే ఉంది. పదో తరగతి ఫలితాల తర్వాత కాక, తొమ్మిదిలోనే పిల్లలతో, తల్లిదండ్రులతో వారి భాషలో మాట్లాడే సలహాదారు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, 11వ తరగతిలో మొదటి మూడు నెలల్లోపు సబ్జెక్టు మార్చుకునే వీలుండాలి. ఇవేవీ కోట్ల ఖర్చు అడిగేవి కావు.

సచిన్‌కు ఇది పుస్తకాల చర్చ కాదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున జీఐడీసీలో ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను దొంగచాటుగా పారబోస్తున్నప్పుడు వెలువడిన విషవాయువు ఆరుగురు కార్మికుల ప్రాణం తీసింది. ఆ నేరం చదువు లేనందువల్ల జరగలేదు, చట్టం భయం లేనందువల్ల జరిగింది. కానీ ఆ గాలి పీల్చే ఊళ్లో రసాయనశాస్త్రం విజ్ఞాన ప్రవాహం సీటు దొరికిన కొద్దిమందికే పరిమితం కావడం విచిత్రం. డబ్బాల మీది హెచ్చరిక చదవగలిగే లెక్కల గుమాస్తా, బ్యాలెన్స్ షీట్ అర్థమయ్యే ల్యాబ్ అసిస్టెంట్, వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయని అడగగల చరిత్ర విద్యార్థి - ఈ ఊరికి ముగ్గురూ కావాలి.

జూన్‌లో బడి గేటు దగ్గర దరఖాస్తు ఫారం నింపేటప్పుడు అందులో ఒకే గడిలో టిక్ పెట్టమంటారు. విధానం మారిందని చెప్పడానికి ఢిల్లీ పత్రాలు అక్కర్లేదు. ఆ ఫారంలో రెండు గడుల్లో టిక్ పెట్టనిచ్చిన రోజు సచిన్‌లోని నేత కార్మికుడికి కూడా అది అర్థమవుతుంది.