రైలింజనులో డ్రైవరు ఒంటికి ఎక్కడికి వెళ్తాడు?

  ఇవాళ నేను ఎన్నుకున్న విషయం భోజనాల దగ్గర మాట్లాడుకునేది కాదు. ఎవరైనా కంచం ముందు కూర్చుని ఉంటే ఓ పది నిమిషాలు ఆగండి. పాత డీజిలు రైలింజన్లలో పనిచేసేవాళ్ళు ఒంటికీ, రెంటికీ ఎక్కడికి వెళ్ళేవారు? మంచినీళ్ళు, వేడి అన్నం, చలికాచుకోవడం సంగతేమిటి? ఇదీ ఇవాళ్టి ముచ్చట.

మనూళ్ళో ఈ ప్రశ్న వెయ్యడానికి మంచి చోటొకటి ఉంది. సెయింట్ జేకబ్స్ సంతకి కూరగాయల కోసం వెళ్ళని తెలుగువాళ్ళు ఇక్కడ ఉండరు కదా. ఆ సంత పక్కనుంచే ఎల్మైరా వైపు వాటర్లూ సెంట్రల్ రైల్వే వాళ్ళ పాతకాలపు రైలు నడుస్తుంది. 2007లో మొదలయింది. నడిపేవాళ్ళలో చాలామంది జీతం పుచ్చుకోని స్వచ్ఛంద కార్యకర్తలు. మాంట్రియాల్ లోకోమోటివ్ వర్క్స్ అనే కర్మాగారంలో 1923లో తయారయిన 9వ నంబరు ఆవిరి ఇంజను వాళ్ళకుంది. పాత డీజిలు ఇంజన్లూ ఉన్నాయి. పిల్లలు కూత వినడానికీ, చెయ్యి ఊపడానికీ వెళ్తారు. నాలాంటి రైళ్ళ పిచ్చివాళ్ళు ఇంజను ముక్కు ఎలా ఉందో చూడ్డానికి వెళ్తారు. ఎందుకంటే అసలు రహస్యం ఆ ముక్కులోనే ఉంది.

పాత డీజిలు ఇంజన్లలో రెండు జాతులున్నాయి. యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ తోసే చిన్న ఇంజన్లు ఒకటి, ఊరినుంచి ఊరికి బండి లాక్కెళ్ళే పెద్ద ఇంజన్లు రెండోది. యార్డు ఇంజనులో పాయిఖానా సాధారణంగా ఉండదు. స్టేషను ఎలాగూ పక్కనే ఉంటుంది, దిగి వెళ్ళి రావచ్చు అన్నది దాని వెనకున్న ఆలోచన. పెద్ద ఇంజను సంగతి వేరు. డ్రైవరు కూర్చునే గదికి ఒకవైపు పొడుగాటి బొనెట్టు, అందులో డీజిలు యంత్రం, జనరేటరు. రెండోవైపు పొట్టి బొనెట్టు. దాన్నే ముక్కు అంటారు. కెనడా, అమెరికా ఇంజన్లలో చాలావాటికి పాయిఖానా ఈ ముక్కులోనే పెట్టారు. డ్రైవరు గది ముందు భాగంలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అది తీసి, ఒకటి రెండు మెట్లు కిందికి దిగి, తల వంచుకుని లోపలికి వెళ్ళాలి. దారి బాగా కనపడాలని 1960ల నాటికి ముక్కు ఎత్తు తగ్గించారు గాని, పాయిఖానాని మాత్రం అక్కడే ఉంచారు. ఆ గది ఇంకా ఇరుకయింది, అంతే.

లోపల ఉండేది ఏమిటంటే, తొలిరోజుల్లో ఒక గొట్టం. మన పాత రైలుపెట్టెల్లో లాగే పైనుంచి చూస్తే కింద కంకర కనపడేది. తరవాత రసాయనం కలిపిన తొట్టెలు వచ్చాయి. వీటిని షెడ్డులో ఖాళీ చెయ్యాలి. చెయ్యకపోతే ఏమవుతుందో నేను వర్ణించక్కర్లేదు. కరెంటుతో మలాన్ని బూడిద చేసేవి కూడా కొన్నిట్లో పెట్టారు. నీళ్ళతో నడిచేవాటికి ఈ దేశంలో మరో శత్రువు ఉంది: చలి. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన తొట్టె, గొట్టం రెండూ గడ్డకడతాయి.

చలి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన కార్లలో పోసే యాంటీఫ్రీజ్ రైలింజన్లలో సాధారణంగా పొయ్యరు. యంత్రాన్ని చల్లబరిచేవి తుప్పు పట్టకుండా మందు కలిపిన మామూలు నీళ్ళే. అందుకే శీతాకాలంలో పాత ఇంజన్లని ఆపకుండా గుడగుడలాడిస్తూ ఉంచేవారు, లేదా నీళ్ళన్నీ వదిలేసేవారు. ఆ వేడినీళ్ళనే సన్న గొట్టాల్లోంచి డ్రైవరు గదిలోకి పంపి హీటరు నడిపేవారు. కాళ్ళ దగ్గర కాగిపోతూ, కిటికీ పక్క భుజం మాత్రం కొయ్యబారిపోయేదని పాతవాళ్ళు చెప్తారు. దీనికి తోడు తాగే నీళ్ళ డబ్బా, సూపు వేడి చేసుకోవడానికి చిన్న కరెంటు పొయ్యి. ఇవీ ఆనాటి సౌకర్యాలు.

ఈ పరిస్థితిని మార్చడంలో కెనడా ముందడుగు వేసింది. 1973లో కెనడియన్ నేషనల్ రైల్వే, ఇంజను సిబ్బంది యూనియన్లతో మాట్లాడి కొత్తరకం డ్రైవరు గది తెచ్చింది. దానికి కెనడియన్ కంఫర్ట్ క్యాబ్ అని పేరు. ముక్కు ఇంజను వెడల్పంతా పరుచుకుంటుంది. ఏదైనా గుద్దుకున్నప్పుడు లోపలివాళ్ళకి దెబ్బ తగలకుండా ఉక్కు గట్టిగా ఉంటుంది. ముక్కు వెడల్పయింది కాబట్టి పాయిఖానాకి మనిషి నిలబడగలిగే చోటు దొరికింది. మాంట్రియాల్ కర్మాగారం వాళ్ళ ఎం-420, మనకి గంట దూరంలో ఉన్న లండన్ ఊళ్ళో జనరల్ మోటార్స్ కట్టిన జీపీ38-2 ఇంజన్లలో ఇది మొదట వచ్చింది. పదిహేనేళ్ళ తరవాత అమెరికా రైళ్ళు కూడా ఇదే దారి పట్టాయి. 1987లో కెనడా ప్రభుత్వం రైళ్ళలో పనిచేసేవారి ఆరోగ్య భద్రతకి విడిగా నిబంధనలు చేసింది.

అమెరికాలో వివరమయిన నియమం రావడానికి 2002 దాకా పట్టింది. బండిని ముందుండి లాగే ఇంజనులో పాయిఖానా ఉండాలి, గాలి ఆడాలి, తలుపుకి లోపల్నించి గడియ ఉండాలి, కాగితం, చేతులు కడుక్కునే ఏర్పాటు, చెత్తబుట్ట ఉండాలి అని పద్దు రాసినట్టు రాశారు. మినహాయింపులు కూడా ఉన్నాయి: యార్డు ఇంజన్లు కొన్ని, విహారయాత్రల పాతకాలపు రైళ్ళు. ఇందులో న్యాయం ఉంది. గంటసేపు పిల్లల్ని తిప్పి తెచ్చే బండికి స్టేషన్లో పాయిఖానా సరిపోతుంది. పన్నెండు గంటలు అడవిలో గూడ్సు లాగేవాడికి సరిపోదు.

ఇక మన దేశం సంగతి. ఇక్కడే నా మనసు కాస్త బరువెక్కుతుంది. కాజీపేట, గుత్తి, మౌలాలి, విశాఖపట్నం షెడ్లు ఎరిగినవాళ్ళకి డబ్ల్యూడీఎం-2 ఇంజను గుర్తుండే ఉంటుంది. 2,600 అశ్వశక్తి, నల్లటి పొగ, గుర్రు గుర్రుమనే చప్పుడు. అమెరికాలోని ఆల్కో కంపెనీ ఇంజను అది. 1962లో మొదటివి ఓడల్లో వచ్చాయి, ఆ తరవాత వారణాసిలో 1998 దాకా వేల సంఖ్యలో కట్టారు. మాంట్రియాల్ కర్మాగారం ఆ ఆల్కోకి కెనడాలో అనుబంధ సంస్థ. మన మీటరుగేజి డీజిళ్ళు కొన్ని అక్కడినుంచే వెళ్ళాయి. అంటే ఇక్కడి ఇంజనూ అక్కడి ఇంజనూ దాయాదులన్నమాట. వాటికీ ముక్కుంది, వీటికీ ముక్కుంది. మన డబ్ల్యూడీఎం-2 ముక్కులో మాత్రం పాయిఖానా పెట్టలేదు. చోటు లేక కాదు, కావాలని ఎవరూ రాయలేదు.

మా పెదనాన్న ఆ ఇంజన్ల మీద డ్రైవరుగా పనిచేశారు. డ్యూటీకి వెళ్ళేముందు మంచినీళ్ళు అరగ్లాసు మించి తాగేవారు కాదు. మే నెల ఎండలో, యంత్రం పక్కన, నలభై అయిదు డిగ్రీల వేడిలో కూడా! బండి లూప్‌లైన్లో ఆగితే దిగొచ్చు. ఎక్స్‌ప్రెస్ దాటిపోయేదాకా ఎంతసేపో తెలీదు. పొదల్లోకి వెళ్ళిన క్షణానే సిగ్నలు పడితే, "బండి ఎందుకు కదల్లేదు?" అని సంజాయిషీ రాసివ్వాలి. అందుకని అసిస్టెంటూ ఆయనా వంతులేసుకుని, ఒకరు సిగ్నలు చూస్తుంటే ఒకరు దిగేవారట. లైన్‌బాక్సులోని క్యారియరు కూడా అలాగే, దొరికిన పది నిమిషాల్లో. రిటైరయ్యాక ఆయనకి కిడ్నీలో రాళ్ళు తేలాయి. దానికి ఉద్యోగమే కారణమని ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదనుకోండి. నీళ్ళు తక్కువ తాగితే రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుందని, గంటల తరబడి ఆపుకుంటే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్లు రావచ్చని మాత్రం అందరు డాక్టర్లూ చెప్తారు.

ప్రయాణీకుల కథ ఇంకోలా నడిచింది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణీకుడు, తను కాలకృత్యానికి దిగినప్పుడు బండి వదిలేసి పోయిందని వచ్చీరాని ఇంగ్లీషులో ఘాటుగా ఒక ఉత్తరం రాశాడు. ఢిల్లీ రైల్వే మ్యూజియం పుణ్యమా అని అది లోకమంతా చదివి నవ్వుకుంది. మూడో తరగతి పెట్టెల్లో పాయిఖానాలు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెప్పుకుంటారు. ఆ పెట్టెల్ని లాగే మనిషికి మాత్రం మరో వందేళ్ళు పట్టింది. 2013 రైల్వే బడ్జెట్‌లో ఇంజన్లలో పాయిఖానాలు, ఏసీ పెడతామన్నారు. 2016 మేలో పాయిఖానా ఉన్న ఇంజనును రైల్వే మంత్రి సురేష్ ప్రభు ప్రారంభించారు. బండి పూర్తిగా ఆగి, బ్రేకులు పడి ఉంటేనే దాని తలుపు తెరుచుకుంటుంది. కొత్త ఇంజన్లని పాయిఖానాతోనే కడుతున్నామని, పాతవాటికీ అమరుస్తున్నామని 2025లో రైల్వేశాఖ చెప్పింది.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. సురేఖా యాదవ్ 1989లో అసిస్టెంట్ డ్రైవరుగా చేరి, 2025లో రిటైరయ్యారు. ఆవిడ చేరినప్పటికి పాయిఖానా ఉన్న ఇంజను రావడానికి ఇంకా ఇరవయ్యేడేళ్ళుంది. ఆవిడ తరవాత ఎందరో అమ్మాయిలు ఈ ఉద్యోగంలోకి వచ్చారు. మగవాళ్ళకి పొదలు చాలని అనుకున్న లెక్క వీళ్ళ దగ్గర కుదరదు.

ఇంకో మెలిక ఉంది. పాయిఖానా పెడితే చాలదు, వాడుకోవడానికి సమయం ఇవ్వాలి. నడుస్తున్న బండిలో డ్రైవరు సీటు వదలకూడదు. కొంతసేపు ఏ మీటా కదపకపోతే హెచ్చరిక గంట మోగి, ఆపైన బ్రేకులు వాటంతటవే పడతాయి. కాబట్టి ఆగినప్పుడే వెళ్ళాలి. ఎప్పుడు ఆగుతుందో రాతపూర్వకంగా ఉండాలని భారతదేశంలో సిబ్బంది సంఘాలు అడిగాయి. భోజనానికీ కాలకృత్యాలకీ నిర్ణీత విరామాన్ని నియమంగా పెట్టడం ఆచరణలో కుదరదని 2025 ఏప్రిల్లో రైల్వేబోర్డు తేల్చింది. సంఘాలు ఒప్పుకోలేదు. బండి ఆపితే వెనక బళ్ళన్నీ ఆగుతాయన్నది బోర్డు బాధ. కడుపు ఉబ్బిపోయిన మనిషి సిగ్నలు మీద ఎంత దృష్టి పెట్టగలడన్నది సంఘాల ప్రశ్న. వెనక పెట్టెల్లో వెయ్యిమంది నిద్రపోతుంటారు కదా, నాకు రెండో ప్రశ్నే బరువుగా తోస్తుంది.

ఈసారి సెయింట్ జేకబ్స్ వెళ్ళినప్పుడు పిల్లలకి ఇంజను ముక్కు చూపించండి. అక్కడి కార్యకర్తల్ని మొహమాటపడకుండా "ఇందులో పాయిఖానా ఉందా?" అని అడగమనండి. ఇలాంటి ప్రశ్న అడిగితే ఆ పెద్దమనుషులు తెగ సంతోషిస్తారు, తలుపు తీసి చూపించినా చూపిస్తారు. ఇండియా వెళ్ళినప్పుడు మీ బంధువుల్లో పాత డ్రైవర్లెవరైనా ఉంటే వాళ్ళనీ అడగండి. మొదట నవ్వి దాటేస్తారు. కాస్త ఆగితే చెప్తారు. చెప్పింది రాసి పెట్టండి, ఎందుకంటే ఇది ఏ రైల్వే చరిత్ర పుస్తకంలోనూ పెద్దగా దొరకదు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.