పక్షపాతం, దురభిప్రాయం



ఈ రెండు మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాము. నిజానికి ఇవి రెండు వేర్వేరు రుగ్మతలు. ఒకదానికిచ్చే మందు మరొకదానికి పనిచేయదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన దివిసీమలో సహాయ జాబితా అంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. మోపిదేవి ప్రాంతంలో అటువంటి జాబితా వ్రాస్తున్న ఒక పెద్దమనిషిని ఊహించండి. అతడు ముందుగా తన వీధివారి పేర్లు వ్రాశాడు. పక్క వీధివారిపై అతనికి ద్వేషమేమీ లేదు. తనవారిపై మమకారమే కలాన్ని అటు నడిపించింది. ఇది పక్షపాతం. కాలువ గట్టున ఉన్న యానాదుల గుడిసెల వంతు వచ్చేసరికి, "వీరికి ఇచ్చినా నిలవదు" అనుకొని, ఎవరినీ అడగకుండానే దాటిపోయాడు. ఇది దురభిప్రాయం. మొదటిది త్రాసును ఒక పక్కకు మొగ్గిస్తుంది. రెండవది త్రాసు ఎత్తకముందే తీర్పు చెబుతుంది.

తనవారిని ప్రేమించడం దోషం కాదు. అసబియ్యత్ అంటే ఏమిటని అడిగినప్పుడు, అన్యాయంలో తనవారికి తోడ్పడటమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వివరించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. కనుక ప్రేమను చంపుకోనక్కరలేదు. తనవారి వ్యవహారం వచ్చినప్పుడు త్రాసును మరొకరి చేతికి ఇవ్వాలి. తల్లిదండ్రులకు, బంధువులకు, చివరకు తనకే వ్యతిరేకమైనా సాక్ష్యం న్యాయంగా పలకాలన్నది అన్‌నిసా సూరా 135వ ఆయతు ఆదేశం.

దురభిప్రాయం ఇంతకన్నా మొండిది. కృష్ణకు ఆవలి వైపున, బాపట్ల చెంతనున్న స్టువర్టుపురం చరిత్ర చూడండి. ఎరుకలవారు పశువులపై ఉప్పు, ధాన్యం మోసుకుపోయి అమ్ముకొని బ్రతికినవారు. రైళ్ళు వచ్చి ఆ వర్తకం దెబ్బతిన్నది. ఆంగ్ల ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. 1913లో స్టువర్టుపురం స్థావరం ఏర్పడి, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోకి వెళ్ళింది. నివాసులు హాజరు వేయించుకోవాలి. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. వారిలో దొంగలే లేరని కాదు. పుట్టబోయే బిడ్డను సైతం ఆ లెక్కలో చేర్చడమే అన్యాయం. పైగా, ఒక తెగను నేరస్థమని ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని చట్టమే శాసించింది. విచారణ ద్వారం మూసిన చోటనే దురభిప్రాయం నిశ్చింతగా కాపురముంటుంది. అందుకే అల్‌హుజురాత్ సూరా ఒకచోట (6) వార్త వస్తే విచారించమని, మరొకచోట (12) అనుమానాలకు దూరంగా ఉండమని ఆజ్ఞాపించింది.

1952లో ఆ చట్టం రద్దయింది. ఆ ఊరి పేరు వినగానే జేబు తడుముకొనే అలవాటు మాత్రం రద్దు కాలేదు. గడ్డం, టోపీ చూసి ఇతరులు అనుమానిస్తే నొచ్చుకొనే మనలోనూ ఆ అలవాటు ఉన్నది.

మదీనాలో ఈ రెండు రుగ్మతలూ ఒకే వ్యవహారంలో కలిశాయి. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు పేర్కొన్న ఒక కథనం ప్రకారం, ముస్లింగా చెలామణి అవుతున్న ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదునిపైకి నెట్టాడు. వంశంవారు తమవాడి తరఫున వాదించడానికి వచ్చారు; అవతలివాడు యూదుడు గనుక నింద సులభంగా అంటుకొంటుందని తలచారు. అప్పుడు అన్‌నిసా సూరా 105వ ఆయతు మొదలు పలు ఆయతులు అవతరించాయి. ద్రోహుల పక్షాన వాదించవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. నిర్దోషిగా తేలినవాడు ఆ యూదుడే.